బర్డ్స్‌ఐ కిటుకంతా ప్యాకెట్‌లోనే!

కోసిన క్యారెట్, బీన్స్ ముక్కల ప్యాకెట్‌ను ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల తర్వాత తెరిచి చూశారా? లోపలంతా చెమ్మ, అదో రకం పులిసిన వాసన. కోసినంత మాత్రాన కూరగాయ ప్రాణం పోదు. ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, కత్తి పడ్డాక ఇంకా వేగంగా పీలుస్తుంది. కవర్ గాలి ఆడనివ్వకపోతే ముక్కలు పులుస్తాయి, మరీ ఆడనిస్తే వాడిపోతాయి. ఈ రెంటికీ మధ్య ఎలాంటి కవర్ వాడాలన్నది ఇప్పటికీ ఫుడ్ కంపెనీలకు తలనొప్పే. ఆ ఊపిరినే ఆపేసి, ముక్కల్ని నెలల తరబడి నిలబెట్టే దారి చూపినవాడు క్లారెన్స్ బర్డ్స్‌ఐ. మీరు కొనే ఫ్రోజెన్ బఠాణీ ప్యాకెట్‌కు మూలం ఆయన దగ్గరే ఉంది.

1886లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. ఆమ్హర్స్ట్ కాలేజీలో చేరాడు గానీ ఇంట్లో డబ్బుకు కటకట. ఫీజుల కోసం కప్పలు పట్టి జూలో పాములకు మేతగా అమ్మాడు, ఎలుకల్ని పట్టి పరిశోధకులకు అమ్మాడు. అయినా గట్టెక్కలేదు. రెండేళ్లకే, 1908లో చదువు ఆగిపోయింది. డిగ్రీ చేతికి రాలేదు. ప్రభుత్వ జీవశాస్త్ర సర్వేలో కొన్నాళ్లు పనిచేసి, 1912లో నక్క చర్మాల వ్యాపారమంటూ ఇప్పటి కెనడాలోని లాబ్రడార్‌కు వెళ్లాడు. తర్వాత భార్య ఎలెనార్‌నీ, నెల దాటిన పసివాడినీ కూడా ఆ మంచులోకే తీసుకెళ్లాడు.

అక్కడ చలి మైనస్ 40 డిగ్రీలు. (ఫారెన్‌హీట్ అయినా సెల్సియస్ అయినా ఈ అంకె దగ్గర రెండూ ఒకటే.) ఇన్యూట్‌లు మంచుకు రంధ్రం చేసి చేపను పైకి లాగితే క్షణాల్లో గడ్డకట్టేది. నెలల తర్వాత వండినా తాజాగానే ఉండేది. ఇది అందరూ చూస్తున్నదే. బర్డ్స్‌ఐ ఇంకో సంగతి పట్టుకున్నాడు: నడి శీతాకాలంలో గడ్డకట్టిన మాంసం బాగుంటోంది, చలి తగ్గాక గడ్డకట్టింది బాగుండటం లేదు. అంటే తేడా వేగంలో ఉందన్నమాట. నెమ్మదిగా గడ్డకడితే మంచు పలుకులు పెద్దవై కణాల గోడల్ని చీల్చేస్తాయి, కరిగాక నీరు కారిపోయి ముక్క మెత్తబడుతుంది. వేగంగా అయితే పలుకులు చిన్నవి, నష్టం తక్కువ. క్యాబేజీని ఉప్పునీళ్లలో పెట్టి గడ్డకట్టించి తన ఇంటి వంటకే వాడుకున్నాడు.

అమెరికా తిరిగొచ్చి 1923లో చేపల కంపెనీ పెట్టాడు. మరుసటి ఏడాదికే దివాలా. ఆ కాలంలో ఫ్రోజెన్ సరుకంటే జనానికి ఏవగింపు మరి, కొనేవాళ్లేరి? ఇల్లు, పిల్లలు ఉన్న మనిషి జీవిత బీమా పాలసీ మీద అప్పు తెచ్చి, గ్లోస్టర్ రేవులో మళ్లీ మొదలుపెట్టాడు. ఉద్యోగం వెతుక్కోవడమే తేలికైన దారి అప్పుడు.

అసలు పని ఇక్కడే జరిగింది. అప్పటిదాకా సరుకును పెద్ద దిమ్మెలుగా గడ్డకట్టించేవారు, రోజులు పట్టేది. బర్డ్స్‌ఐ వరస తిరగేశాడు. ముందు శుభ్రం చేసి, కోసి, పలచటి చిన్న అట్టపెట్టెలో సర్దాడు. ఆ పెట్టెనే రెండు చల్లటి లోహపు పలకల మధ్య నొక్కాడు. పెట్టె చదునుగా ఉంటే పలక పూర్తిగా ఆనుతుంది, మధ్యలో చలికి అడ్డుపడే గాలి మిగలదు. మందం తక్కువైతే నడిమి ముక్క కూడా త్వరగా గడ్డకడుతుంది. అంటే లోపలి బచ్చలికూర ఎంత తాజాగా ఉంటుందో పెట్టె కొలతే తేల్చేసిందన్నమాట! వేగంగా గడ్డకట్టించే ప్రయత్నాలు అంతకుముందూ లేకపోలేదు. అమ్మే ప్యాకెట్‌లోనే ఆ పని జరిపించడమే ఆయన గొప్పతనమని నాకనిపిస్తుంది.

అంతటితో అయిపోలేదు. ఫ్రీజర్‌లోని పొడి గాలి ముక్కల్లోని తేమను లాగేస్తుంది, తెల్లటి ఎండు మచ్చలు పడతాయి. అందుకే మైనం పూత, పైన సెల్లోఫేన్ చుట్ట. మామూలు సెల్లోఫేన్ తేమను ఆపలేదు. 1927లో డ్యూపాంట్ తేమ నిలిపే రకం తయారుచేశాక ఈ సరుకుకు సరైన కవచం దొరికింది. కూరగాయల్ని గడ్డకట్టించే ముందు వేడినీళ్లలోనో ఆవిరిలోనో కాసేపు ఉంచాలి. లేదంటే ఎంజైములు చలిలోనూ మెల్లగా పనిచేసి రంగూ రుచీ పాడుచేస్తాయి.

1929లో కంపెనీనీ పేటెంట్లనూ 2.2 కోట్ల డాలర్లకు అమ్మాడు. ఆ అక్టోబరులోనే షేర్ మార్కెట్ కుప్పకూలింది, అదృష్టమనాలి. 1930 మార్చిలో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 18 దుకాణాల్లో అమ్మకం మొదలైంది. చేపలు, మాంసంతోపాటు బఠాణీ, పాలకూర కూడా. దుకాణాలకు ఫ్రీజర్ల కొరత, అందుకే 1934లో చవక ఫ్రీజర్లు చేయించి అద్దెకివ్వాల్సి వచ్చింది. పెట్టె ఎంత బాగున్నా దారిలో ఒక్కచోట కరిగితే అంతే కదా!

బర్డ్స్‌ఐ ఒంటిచేత్తో చేసిన ఈ పనుల్లో ఇప్పుడు ఒక్కోదానికీ ఒక్కో నిపుణుడు కావాలి: కవర్ ఎంపికకు ఒకరు, నిల్వ కాలం పరీక్షకు ఒకరు, శీతల రవాణాకు ఇంకొకరు. ఫుడ్ టెక్నాలజీ, కెమిస్ట్రీ చదివినవాళ్లు ప్యాకేజింగ్ వైపు చూడటం తక్కువ. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కు హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది, ఓసారి వాకబు చేయండి.

డబ్బొచ్చాక ఆయన ఇంట్లో కూర్చోలేదు. వేడినిచ్చే దీపాలు, ఆహారాన్ని ఎండబెట్టే పద్ధతులు, తిమింగలాల వేటకు కొత్త ఆయుధం... చేతికందిందల్లా విప్పి చూశాడు. అరవై దాటాక పెరూ వెళ్లి చెరకు పిప్పి నుంచి కాగితపు గుజ్జు తీసే పనిలో పడ్డాడు. 1956 అక్టోబరులో, 69 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో కన్నుమూశాడు. చితాభస్మాన్ని గ్లోస్టర్ దగ్గరి సముద్రంలోనే కలిపారు.