చదరంగపు బల్ల, అవధాని పద్యము

సభ క్రిక్కిరిసియున్నది. వేదిక నడుమ అవధాని కూర్చుండియుండును. ఒక పృచ్ఛకుడు సమస్య నిచ్చును. వేరొకడు కవి పలుకబోవు అక్షరమును ముందుగా పసిగట్టి దానిని నిషేధించును. ఇంకొకడు పొసగని నాలుగు పదములిచ్చి వానితో పద్యము చెప్పుమనును. ఒకడు గంట కొట్టుచుండును. ఆ గంటలను లెక్కించుట అవధాని పని. లోకాభిరామాయణము పేర మరియొకడు సంబంధములేని మాటలతో మనస్సును పెడదారి పట్టింపజూచును. వీరందరి నడుమ ఒక పృచ్ఛకుడు చదరంగపు బల్ల ముందు కూర్చుండి, తన ఎత్తు తాను వేసి, అవధాని ఎత్తుకై నిరీక్షించుచుండును. పూర్వపు అష్టావధానములలో చదరంగము ఒక ప్రసిద్ధాంశము. కవితాసభలో ఈ ఆటకేమి పని అని విద్యార్థులు అడుగవచ్చును. తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి జీవితము ఆ ప్రశ్నకు చక్కని ప్రత్యుత్తరము.

శాస్త్రిగారు 1870 ఆగస్టు 8వ తేదీన గోదావరీతీరమందలి కడియమున కామయ్య, చంద్రమ్మ దంపతులకు జన్మించిరి. పిమ్మట ఆ కుటుంబము నాడు ఫ్రెంచివారి ఏలుబడిలోనుండిన యానామునకు చేరెను. చిన్ననాడే నేత్రవ్యాధి బాధించినను వారి చదువు ఆగలేదు. పదునెనిమిదేండ్ల ప్రాయమున యానాము వేంకటేశ్వరస్వామిపై శతకము చెప్పిరి. అందు వ్యాకరణదోషములున్నవని పండితులు ఆక్షేపించిరి. ఆటలో ఓడినవాడు రెండు పనులలో నొకటి చేయును. బల్లను తన్నిలేచిపోవుట ఒకటి. ఏ ఎత్తువద్ద పొరపాటు జరిగినదో మరల చూచుకొనుట రెండవది. యువకుడైన వేంకటశాస్త్రి రెండవ మార్గమును పట్టెను. వ్యాకరణము నేర్చితీరవలెనని పట్టుపట్టి, చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారిని ఆశ్రయించెను. కాశికిని పోయివచ్చెను. ఆనాటి ఆక్షేపణ లేకున్న, తరువాతి మహాకవి లేకుండెడివాడేమో!

బ్రహ్మయ్యశాస్త్రిగారి సన్నిధినే వారికి దివాకర్ల తిరుపతిశాస్త్రిగారి మైత్రి లభించెను. తిరుపతిశాస్త్రిగారు 1872లో భీమవరము చెంతనున్న యండగండిలో జన్మించిరి. ఇరువురును కలిసి కాకినాడలో శతావధానము చేసిన పిమ్మట వారి కీర్తి తెలుగునాట నలుదెసల వ్యాపించెను.

శతావధానమన నెట్టిదో ఒక్కింత తెలిసికొనవలెను. నూర్గురు పృచ్ఛకులు నూరు విషయములిత్తురు. అవధాని మొదటి ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చెప్పును. నూర్గురును ముగిసిన పిమ్మట తిరిగి మొదటివానికి రెండవ పాదము. ఇట్లు నాలుగు ఆవృత్తులలో నాలుగువందల పాదములు వెలువడును. చివర నూరు పద్యములను వరుసగా ధారణ చేసి ఒప్పగింపవలెను. చదరంగములో ముట్టిన కాయను కదపవలెను. కదపిన కాయను వెనుకకు తీయరాదు. ఇచటను అంతే. కాగితముపై వ్రాయు కవి నచ్చని పాదమును కొట్టివేయవచ్చును. అవధాని నోట వెలువడిన పాదము సభ సొత్తు. కావున మొదటి పాదమునకు ఎన్నుకొన్న ప్రాసాక్షరము నాల్గవ పాదమువరకును నిలువగలదా యని ఆ క్షణముననే యోచింపవలెను. తొలి ఎత్తులోనే తుది ఎత్తునకు చోటు విడుచుట నేర్పరి లక్షణము. అందమైన పదము తోచినది గదా యని దానిని వెంటనే వాడుకొన్నవాడు, చేజిక్కిన బంటునకు ఆశపడి మంత్రిని పోగొట్టుకొన్న ఆటగానివలె మూడవ పాదమున చిక్కుకొనును.

నియమములు కవి స్వేచ్ఛను హరించునని కొందరందురు. అరువదినాలుగు గళ్ళును, కాయల నడకలును లేకున్న చదరంగమే లేదు. యతిప్రాసలును అట్టివే. ఏనుగు వంకరగా నడువదనియు, గుర్రము తిన్నగా దుముకదనియు తెలిసిన పిమ్మటనే ఆటగాని ఊహ మేల్కొనును. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఒక అక్షరమును కాదన్నపుడు, అవధానికి అంతవరకు తోచని వేరొక పదము స్ఫురించుటయు ఇట్టిదే.

చదరంగములో ఎదుటివాని మనస్సును చదువుట వానిని ఓడించుటకు. జంటకవిత్వములోను మనస్సును చదువవలెను. అది తోడివాని పద్యమును నిండించుటకు. ఇరువురును ఈ విద్యతోనే గద్వాల, ఆత్మకూరు, వనపర్తి మొదలగు సంస్థానములను దర్శించి సమ్మానములందిరి. నానారాజసందర్శనము ఆ యాత్రలకు సాక్ష్యము. దేవీభాగవతము, బుద్ధచరిత్రము, శ్రవణానందము మొదలగు కృతులు ఇరువురి పేర వెలసినవి. వారి పాండవోద్యోగ విజయములలోని పద్యములను అక్షరజ్ఞానము లేనివారుకూడ పల్లెపల్లెను పాడుకొనిరి. పాండవులు సర్వమును కోల్పోయినది పాచికలాటలో. అందు అదృష్టమునకు పాలు గలదు. శ్రీకృష్ణుని రాయబారములో అదృష్టమునకు తావు లేదు. అచట ప్రతి మాటయు ఎదుటివాని ప్రత్యుత్తరమును ముందుగా ఎంచి వేసిన ఎత్తే. సభలలో ఎత్తుకు పైఎత్తు వేసి ఆరితేరిన కవులకు ఆ రాయబారఘట్టము అంతగా పండుటలో ఆశ్చర్యమేమున్నది?

అయినను ఈ జీవితములో మెచ్చదగని పుటలును గలవు. కొప్పరపు సోదరకవులతో కలిగిన స్పర్ధ, వేంకట రామకృష్ణకవులతో నడచిన వాదము ఏండ్ల తరబడి సాగినవి. పత్రికలలో, కరపత్రములలో ఖండనలు, ప్రతిఖండనలు వెలువడినవి. గీరతము వంటి గ్రంథములు అట్టి వాదములనుండి పుట్టినవే. ఆ వేడిలో కొంత మంచి కవిత్వము పుట్టినమాట నిజము; ఎంతో శక్తి వ్యర్థమైనమాటయు నిజమే. ఆట ముగియగానే రాజును బంటును ఒకే పెట్టెలో చేరును. ఆటగాండ్రు చేయి చేయి కలిపి లేవవలెను. ఈ పాఠమును మన మహాకవులు ఎల్లవేళల పాటింపలేదని చెప్పుట వారిని తక్కువచేయుట కాదు.

1920లో తిరుపతిశాస్త్రిగారు దివంగతులైరి. వేంకటశాస్త్రిగారికి అప్పటికి ఏబదియేండ్లు. ఆ తరువాత ముప్పదియేండ్లు వారు ఒంటరిగా వ్రాసిరి. కాని తమ కృతులను ఇరువురి పేరనే ప్రకటించుచు వచ్చిరి. బల్లకావల కూర్చుండవలసినవాడు లేకున్నను, అతని ఎత్తు ఎట్లుండెడిదో ఎరిగినవానికే అట్టి నిష్ఠ సాధ్యము.

బందరు హిందూ ఉన్నత పాఠశాలలో వారు తెలుగు పండితులుగా పనిచేసిన కాలము ఉపాధ్యాయులకు ముఖ్యముగా స్మరింపదగినది. పాశ్చాత్యదేశమున ఫిలిడోర్ అను ఫ్రెంచి సంగీతకర్త ఉండెను. 1726లో పుట్టి 1795లో మరణించిన ఆయన సంగీతనాటకములతోపాటు చదరంగమునను అగ్రగణ్యుడు. 1749లో వెలువరించిన తన గ్రంథమున, అల్పములని ఎల్లరు తలచు బంట్లే ఆటకు ప్రాణమని నిరూపించెను. బంటు వెనుకకు పోలేదు. సాధారణముగా ఒక్కొక్క గడియే నడచును. కాని ఎదుటి అంచును చేరెనా, మంత్రి యగును. బందరులో శాస్త్రిగారి యెదుట కూర్చున్న బాలురలో విశ్వనాథ సత్యనారాయణగా రొకరు. 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము తెలుగునకు తొలిసారి దక్కినది వారివలననే. పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావుగార్లును ఆ గురువు శిష్యులే, వారును జంటకవులైరి.

తుదిదినములలో శాస్త్రిగారు కథలు - గాథలు పేర తమ అనుభవములను హాయిగా సాగు వాడుక వచనమున వ్రాసిరి. ఛందస్సులో జీవితము గడపినవారు వాడుకభాషను ఇంత సొగసుగా నడపుట, ఆట తీరు మారినపుడు తానును మారగల నేర్పు. 1949లో మద్రాసు ప్రభుత్వము వారిని ఆస్థానకవిగా గౌరవించెను. 1950లో మహాశివరాత్రినాడు వారు శివసాయుజ్యమందిరి.

పాలకురికి సోమనాథుడు, బమ్మెర పోతన నడయాడిన సీమకు చేరువనే ఉన్నది తొర్రూరు. అట్టి ఊరి పాఠశాలలలో నేడును చదరంగపు బల్ల ఉండును. తెలుగు వాచకమును ఉండును. రెండును వేర్వేరు గంటలలో తెరువబడుచున్నవి. ఒకనాడు ఉపాధ్యాయుడొకడు ఇద్దరు పిల్లలను బల్ల ముందు కూర్చుండబెట్టి, ఎత్తునకొక పాదముగా ఆటవెలది చెప్పుడని కోరవచ్చును. మొదట పాదములు తడబడును, బంట్లు పోవును. కొట్టివేయుటకు వీలులేని మాటను ముందుగా తూచి పలుకుట ఆ పిల్లలకు కొంతకాలమునకు అలవడును. వేంకటశాస్త్రిగారు యానాములో తమ మొదటి శతకము పోగొట్టుకొని సంపాదించినదియు ఆ విద్యయే.