సరిహద్దుల నడుమ బందీ – దరిశి చెంచయ్య

పావగడ తాలూకాకు మూడు దిక్కులా ఆంధ్ర పల్లెలే. మడకశిరకో, పెనుకొండకో చుట్టరికానికి పోయేవారిని నీవెవరవని నిలదీసేవారు లేరు. ఈ స్వేచ్ఛ విలువను దరిశి చెంచయ్య జీవితం తెలుపుతుంది.

చెంచయ్య 1890లో నాటి నెల్లూరు జిల్లా కనిగిరిలో జన్మించారు. 1912లో ఉన్నతవిద్యకై అమెరికా వెళ్లారు. 1913లో అక్కడ వెలసిన గదర్ పార్టీలో చేరారు. 1914 మార్చిలో పార్టీ నాయకుడు లాలా హరదయాళ్‌ను దేశం నుండి వెళ్లగొట్టదలచి అమెరికా వలస అధికారులు నిర్బంధించగా, ఆయన జామీనుపై విడుదలై ఐరోపాకు తరలిపోయారు. అదే ఏడు కొమగటమారు నౌకలో కెనడా తీరం చేరిన 376 మందిలో అత్యధికులను దిగనీయకుండానే, రెండు నెలలకు తిప్పి పంపారు.

ప్రపంచయుద్ధ కాలంలో స్వాతంత్ర్య పోరాటానికై చెంచయ్య సయాం దేశం చేరారు. 1915లో అక్కడి ప్రభుత్వం ఆయనను పట్టి ఆంగ్లేయులకు అప్పగించింది. పరాయిగడ్డపై చిక్కిన పౌరునికి స్వదేశ ప్రభుత్వమే అండ. బానిస దేశస్థుడైన చెంచయ్యకు ఆ అండ లేకపోగా, ఆయనను చెరలో ఉంచినది ఆ పాలకులే. 1919 వరకు కారాగారవాసం తప్పలేదు. తదుపరి సంఘసంస్కరణకు పాటుపడి, ఆత్మకథ రచించి, 1964లో కన్నుమూశారు.

1950 నాటి రాజ్యాంగం పౌరులకు దేశమంతటా సంచరించే హక్కునిచ్చింది. ప్రాణానికి, వ్యక్తిస్వేచ్ఛకు రక్షణను విదేశీయులకు సైతం కల్పించింది. చెంచయ్య తరానికి ఈ రెండూ లేవు.