స్టీరింగ్‌ను తేలిక చేసినాయన

పోయిన సంక్రాంతికి ఊరెళ్తే మా బాబాయి పాత డీజిల్ బండి మొరాయించి ఉంది. స్టీరింగ్ తిప్పితే చాలు మూలుగుతోంది. సందు మలుపులో తిప్పడానికి భుజాలు పడిపోతున్నాయి. మెకానిక్ అన్న బెల్టు వదులు చేసి, పుల్లర్‌తో పుల్లీ లాగి, పవర్ స్టీరింగ్ పంపు ఊడదీశాడు. అందులోంచి కారిన నూనె నల్లగా, మాడు వాసనతో ఉంది. కొత్త పంపు బిగించి, కొత్త నూనె పోసి, ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజన్ ఆపే ఉంచి స్టీరింగ్‌ని ఆ కొస నుంచి ఈ కొసకి నా చేత తిప్పించాడు. లోపలి గాలి పోవాలట. నూనెలో బుడగలు ఆగాక స్టార్ట్ చేస్తే ఒక్క వేలితో తిరిగింది! అసలు దీన్ని మొదట ఎవరు చేశారా అని వెతికితే ఫ్రాన్సిస్ డేవిస్ దొరికాడు. ఆటోమొబైల్ చరిత్రలో పెద్ద పేరే. మన క్లాసులో మాత్రం ఎవరూ చెప్పలేదు.

డేవిస్ 1887లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టాడు. హార్వర్డ్‌లో ఇంజనీరింగ్ చదివి, బఫెలో నగరంలోని పియర్స్-ఆరో కంపెనీలో చేరాడు. అది ఖరీదైన కార్లకు పేరు మోసిన కంపెనీ, లారీలూ చేసేది. లారీల విభాగంలో డేవిస్ చీఫ్ ఇంజనీరు స్థాయికి ఎదిగాడు. డ్రైవర్ల అవస్థ ఆయన దగ్గర్నుంచి చూసింది అక్కడే. బరువైన లారీని ఒట్టి చేతి బలంతో మలుపు తిప్పాలి. చక్రం రాయికో గుంతకో తగిలితే స్టీరింగ్ చేతుల్ని ఎదురు తన్నేది.

1922లో ఉద్యోగం వదిలేశాడు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల కోసం నిద్ర మానేసే మనకి ఇది కొంచెం కష్టంగానే అర్థమవుతుంది. చీఫ్ ఇంజనీరు కుర్చీ దిగి, మసాచుసెట్స్‌లోని వాల్తామ్‌లో చిన్న షాపు పెట్టుకుని, జార్జ్ జెస్సప్ అనే టూల్‌మేకర్‌ని తోడు పెట్టుకున్నాడు.

హైడ్రాలిక్ సాయం తీసుకోవాలన్న ఆలోచన వరకూ సులువే. చిక్కు ఎక్కడంటే, నూనెని ఎప్పుడూ అధిక పీడనంలో బిగించి ఉంచితే సీళ్ళు ఆగవు, ఎక్కడో ఒకచోట కారుతుంది. డేవిస్ దీన్ని తిరగేసి ఆలోచించాడు. వాల్వు మామూలుగా తెరిచే ఉంటుంది. పంపు తోసిన నూనె ఏ పనీ చేయకుండా తక్కువ పీడనంలో తిరిగి ట్యాంకులోకి వచ్చేస్తుంటుంది. డ్రైవరు స్టీరింగ్ తిప్పినప్పుడు మాత్రం వాల్వు ఒకవైపు దారి మూస్తుంది, పీడనం లేస్తుంది, ఆ బలం చక్రాల్ని నెడుతుంది. చెయ్యి సడలిస్తే మళ్ళీ మామూలే. పంపు చచ్చినా స్టీరింగ్‌కీ చక్రాలకీ మధ్య ఇనుప లంకె అలాగే ఉంటుంది. బాబాయి బండి భుజాలు పడిపోయేలా అయినా తిరిగింది అందుకే.

1925 నాటికి తన పియర్స్-ఆరో కారుకే ఈ ఏర్పాటు బిగించాడు. 1926లో డెట్రాయిట్ తీసుకెళ్ళి జనరల్ మోటార్స్ వాళ్ళకి చూపించాడు. వాళ్ళకి నచ్చింది, ఒప్పందం కుదిరింది. డేవిస్ వాళ్ళతో కలిసి ఏళ్ళ తరబడి డిజైన్‌ని సానబెట్టాడు. ఇక కార్లలోకి రావడమే తరువాయి అనుకుంటే మహామాంద్యం వచ్చిపడింది. కార్లు కొనేవాళ్ళే కరువైన రోజుల్లో ఇంత ఖర్చుతో కూడిన భాగం గిట్టుబాటు కాదని 1934లో ఒప్పందం రద్దు చేసుకున్నారు. అప్పటికి డేవిస్‌కి నలభై ఏడు. ఉద్యోగం వదిలి పన్నెండేళ్ళు. చేతిలో పనిచేసే యంత్రం ఉంది, కొనేవాడు లేడు. 1936లో బెండిక్స్ కంపెనీతో కొత్త ఒప్పందం కుదిరినా, షోరూము కార్లలోకి మాత్రం రాలేదు.

చివరికి డిమాండ్ తెచ్చింది యుద్ధం. కవచం తొడిగిన సైనిక వాహనాల బరువుకి చేతి బలం చాలదు. రెండో ప్రపంచ యుద్ధంలో డేవిస్ పద్ధతి ఆ వాహనాల్లోకి వెళ్ళింది.

తర్వాత జరిగింది చదివితే నాకు కాస్త ఒళ్ళు మండింది. అప్పట్లో అమెరికాలో పేటెంటు ఆయుష్షు మంజూరైన నాటి నుంచి పదిహేడేళ్ళు. ఎవరూ కొనని కాలంలోనే ఆ ఏళ్ళు కరిగిపోయాయి. 1951లో క్రైస్లర్ తన ఇంపీరియల్ కారులో పవర్ స్టీరింగ్ పెట్టింది. మామూలు జనం కొనుక్కోగలిగే కార్లలో అదే మొదటిది. దానికి ఆధారం గడువు తీరిన డేవిస్ పేటెంట్లే. అంటే ఆయనకి పైసా కట్టక్కర్లేదు.

అయితే కథ అక్కడితో ఆగలేదు. పోటీవాడు ముందుకెళ్ళేసరికి జనరల్ మోటార్స్‌కి డేవిస్ గుర్తొచ్చాడు. ఆయన దగ్గర గడువు తీరని కొత్త డిజైన్లు ఇంకా ఉన్నాయి. వాటి కోసం మళ్ళీ ఒప్పందం చేసుకుని 1952లో కాడిలాక్ కార్లలో పెట్టారు. మొదటిసారి వాళ్ళకి చూపించి ఇరవై ఆరేళ్ళు అయింది.

డేవిస్ 1978లో, తొంభయ్యో ఏట పోయాడు. అప్పటికి అమెరికాలో పెద్ద కారు కొంటే పవర్ స్టీరింగ్ ఉందా అని అడిగే పనే లేదు.