మేఘనాథ్ సాహా

మేఘనాథ్ సాహా (అక్టోబరు 6, 1893 - ఫిబ్రవరి 16, 1956) ప్రముఖ భారతీయ ఖగోళ భౌతిక శాస్త్రవేత్త. నక్షత్రాల వర్ణపటాలను వివరించే అయనీకరణ సమీకరణంతో ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. భారత జాతీయ పంచాంగ రూపకల్పనకు సారథ్యం వహించాడు.

బాల్యం, విద్య

సాహా ఢాకా సమీపంలోని ఒక గ్రామంలో, చిన్న దుకాణదారుని కుటుంబంలో జన్మించాడు. 1905లో బెంగాల్ విభజనకు నిరసనగా గవర్నరు రాకను బహిష్కరించినందుకు పాఠశాలను, ఉపకార వేతనాన్ని కోల్పోయాడు. వేరొక పాఠశాలలో చదువు కొనసాగించి కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరాడు. అక్కడ సత్యేంద్రనాథ్ బోస్ ఇతని సహాధ్యాయి. 1920లో అయనీకరణ సిద్ధాంతాన్ని ప్రకటించాడు. 1927లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

పంచాంగ సంస్కరణ

స్వాతంత్ర్యానంతరం దేశంలో సుమారు 30 రకాల పంచాంగాలు వాడుకలో ఉండేవి. వీటిని పరిశీలించడానికి 1952లో ఏర్పడిన సంఘానికి సాహా అధ్యక్షుడు. అదే సంవత్సరం ఆయన లోక్‌సభకు స్వతంత్ర సభ్యునిగా ఎన్నికయ్యాడు.

సూర్యసిద్ధాంతం ప్రకారం సంవత్సర పరిమాణం 365.258756 రోజులు. ఋతువులను నిర్ణయించే సాయన సంవత్సరం 365.2422 రోజులు మాత్రమే. ఏడాదికి సుమారు 24 నిమిషాలైన ఈ భేదం 1400 సంవత్సరాలలో 23 రోజులకు చేరింది. అందుచేతనే సూర్యుని ఉత్తర గమనం డిసెంబరు 22 ప్రాంతంలో మొదలైనా, ఉత్తరాయణ పుణ్యకాలమైన మకర సంక్రాంతి జనవరి 14 ప్రాంతంలో వస్తున్నది.

సంఘం 1955లో నివేదిక సమర్పించింది. పౌర వ్యవహారాలకు శక సంవత్సరాన్ని, సాయన మానాన్ని సూచించింది. దీని ప్రకారం చైత్రం 1వ తేదీ మార్చి 22న (లీపు సంవత్సరంలో మార్చి 21న) వస్తుంది. ఇది చాంద్రమాన ఉగాదికి భిన్నమైనది. వైశాఖం నుండి భాద్రపదం వరకు మాసానికి 31 రోజులు, ఆశ్వయుజం నుండి ఫాల్గుణం వరకు 30 రోజులు. చైత్రానికి 30 రోజులు, లీపు సంవత్సరంలో 31.

పండుగలను ఒక్కసారిగా 23 రోజులు వెనుకకు జరపడం ప్రజలకు ఆమోదయోగ్యం కాదని సంఘం గుర్తించింది. కనుక మతపరమైన గణనకు అయనాంశను 23 డిగ్రీల 15 నిమిషాల వద్ద స్థిరపరచమని సూచించింది. దీనివల్ల పాత దోషం తొలగదు గాని, ఇకపై పెరగదు.

మరణం, అనంతరం

1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘ కార్యాలయానికి వెళ్తూ సాహా గుండెపోటుతో మరణించాడు. 1957 మార్చి 22న, అనగా శక సం. 1879 చైత్రం 1న, జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. భారత రాజపత్రం పైన ఈ తేదీ ముద్రింపబడుతున్నది. అయితే నిత్య వ్యవహారంలో గ్రెగోరియన్ తేదీలు, పండుగలకు ప్రాంతీయ పంచాంగాలు కొనసాగుతున్నాయి.