దామోదరం సంజీవయ్య: కూలి ఇంటి బిడ్డ, అద్దె ఇంటి చట్టం

విశాఖపట్నం నుంచి సబ్బవరం వైపు వెళ్తే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం కనిపిస్తుంది. 2008లో ఏర్పడిన ఆ సంస్థకు ఆ తర్వాత దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. గేటు మీద ఆ పేరు చదివేవాళ్లు వేలల్లో ఉంటారు. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లోనే అద్దె ఇళ్లలో బతికేవాళ్లకు ఒక రక్షణ చట్టం వచ్చిందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గర పెద్దపాడులో, మాల కుటుంబంలో పుట్టారు. తల్లి సుంకులమ్మ, తండ్రి మునయ్య. ఆ ఇంటికి సెంటు భూమి లేదు. నేత, కూలి పనులే ఆధారం. సంజీవయ్య పసిగుడ్డుగా ఉండగానే తండ్రి చనిపోయాడు. కుటుంబం కొన్నాళ్లు పాలకుర్తిలో మేనమామ పంచన తలదాచుకుంది. కర్నూలులో హైస్కూలు, అనంతపురంలో డిగ్రీ అయ్యాక చిన్న ఉద్యోగాలు చేశారు. మద్రాసు లా కాలేజీలో చదువుతూనే బడిలో పాఠాలు చెప్పి ఖర్చులు వెళ్లదీసుకున్నారు. 1950లో న్యాయవాది అయ్యారు. అదే ఏడాది తాత్కాలిక పార్లమెంటులో అడుగుపెట్టారు. ఆ తర్వాత మద్రాసు, ఆంధ్ర ప్రభుత్వాల్లో మంత్రిగా పనిచేశారు.

1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. అప్పటికి ఇంకా 39 ఏళ్లు నిండలేదు. వృద్ధాప్య పింఛన్లు, పేదలకు లక్షల ఎకరాల బంజరు భూముల పంపిణీ, అవినీతి నిరోధక శాఖ ఆయన హయాంలోవే. కొడుకు ముఖ్యమంత్రి అయ్యాక కూడా సుంకులమ్మ ఊళ్లోని పాత ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ 1960లోనే భవనాల అద్దె, ఖాళీ చేయింపుల నియంత్రణ చట్టం వచ్చింది. అంతవరకు కోస్తా, రాయలసీమల్లో 1949 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో 1954 నాటి హైదరాబాదు చట్టం నడిచేవి. రెండింటి స్థానంలో రాష్ట్రమంతటికీ ఒకే చట్టం తెచ్చారు. ఇది సంజీవయ్య ఒక్కరి ఘనత అనలేం. కానీ ఓడరేవు, షిప్‌యార్డు చుట్టూ పెరుగుతున్న విశాఖలాంటి పట్నంలో కూలీకి, గుమాస్తాకు ఇది నేరుగా తగిలే చట్టం.

అద్దె బకాయి పడితే అప్పట్లో ఏమయ్యేది? ఆ చట్టం ప్రకారం యజమాని సామాన్లు బయట పడేయడానికి వీలుండేది కాదు. రెంట్ కంట్రోలర్ దగ్గర దరఖాస్తు పెట్టాల్సి ఉండేది. కిరాయిదారు కావాలని ఎగ్గొట్టలేదని కంట్రోలర్ నమ్మితే, 15 రోజులకు మించకుండా గడువు ఇచ్చే వీలుండేది. ఆలోగా బకాయి కట్టేస్తే ఖాళీ చేయించే దరఖాస్తు కొట్టివేయాల్సి వచ్చేది. కట్టిన అద్దెకు రసీదు అడగడం కిరాయిదారు హక్కుగా ఉండేది. ఖాళీ చేయించే ఎత్తుగడతో యజమాని అద్దె తీసుకోకపోతే, బ్యాంకు పేరు చెప్పమని నోటీసు ఇవ్వాల్సి ఉండేది. చెప్పకపోతే మనియార్డరు పంపాల్సి వచ్చేది. అదీ తిప్పికొడితే కంట్రోలర్ దగ్గర జమ చేయాల్సి ఉండేది. అలా చేసినవాడిని ఎగవేతదారు అనడానికి వీలుండేది కాదు. అయితే కేసులో పోరాడాలంటే మాత్రం బకాయి జమ చేయక తప్పేది కాదు. పేదవాడు చిక్కుకునేది అక్కడే.

ఈ చట్టానికి ఇంకో పెద్ద లోటు ఉండేది. ఇంట్లో చేరినవాడికే అది అండ. కులం అడిగి గడప దగ్గరే తిప్పి పంపేవాళ్ల జోలికి అది పోలేదు. అసలు ఇల్లే దొరకని దళితుడికి బకాయి మీద ఇచ్చే గడువు ఎందుకు పనికొస్తుంది? ఎంతో వెతికితే దొరికిన గది కాబట్టి, పోతే ఇంకోటి దొరకదన్న భయంతో యజమాని ఏమన్నా పడి ఉంటాడు. రసీదు కూడా అడగడు. రేపు కంట్రోలర్ ముందు నిలబడితే చేతిలో కాగితం ఉండదు.

సంజీవయ్య 1962 మార్చిలో పదవి నుంచి దిగారు. అదే ఏడాది కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడయ్యారు. ఆ స్థానానికి చేరిన తొలి దళితుడు ఆయనే. కేంద్ర కార్మిక మంత్రిగా ఉండగా 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. లాభం వచ్చినా రాకున్నా కార్మికుడికి కనీస బోనస్ ఇవ్వాలని అది చెప్పింది. 1972 మేలో, 51 ఏళ్లకే కన్నుమూశారు. వెనక ఆస్తులేవీ మిగల్చలేదు.

అద్దె చట్టాలు ఆ తర్వాత మారాయి. మద్దిలపాలెంలో గది కోసం తిరిగే విద్యార్థికి, గాజువాకలో అద్దెకుండే కాంట్రాక్టు కార్మికుడికి మాత్రం మారనివి కొన్ని ఉన్నాయి. ఒప్పందం రాయించుకోవాలి. అద్దె చేతికిచ్చినా, ఖాతాలో వేసినా రుజువు దాచుకోవాలి. ఆలస్యమయ్యేట్టుంటే ముందే రాతపూర్వకంగా చెప్పాలి. కులం పేరుతో దూషించి గెంటితే అది అద్దె తగాదా కాదు, అట్రాసిటీ కేసు అవుతుంది. సంజీవయ్య పేరున్న విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివే దళిత పిల్లలు ఈ కాగితాలు పట్టుకుని బస్తీలకు వెళ్తే, ఆయనకు అంతకన్నా మంచి జయంతి ఉండదు.