కాలిబంతి గురువు రహీం సాహేబు

లోకము గోలు కొట్టినవానిని భుజముల కెత్తుకొనును. గోలు పడకుండ కాచినవానిని మరచిపోవును. ఇది ఆటస్థలమున మాత్రమే కనబడు రీతి కాదు. మన విజయవాడ ఆటోనగరమున కట్టిన లారీని చూచువారు దానిపై నున్న రంగులను, పూవులను, పేర్లను మెచ్చుకొందురు. బరువంతయు మోయునది అడుగున నున్న చట్రమని పనివారెరుగుదురు. ఫుట్‌బాలు ఆటలో బ్యాకు లట్టివారు. ఆ బ్యాకులను, వారితోపాటు ఒక దేశపు జట్టునంతయు తీర్చిదిద్ది, తాను తెర వెనుకనే యుండిపోయిన హైదరాబాదు వాస్తవ్యులు సయ్యద్ అబ్దుల్ రహీం గారి చరిత్రము మనవారందరు తెలిసికొనదగినది.

రహీం గారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, నగరమందలి పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేసి, తరువాత వ్యాయామవిద్యయందు శిక్షణ పొందిరి. స్థానిక జట్లలో స్వయముగ ఆడినవారే యైనను, ఆయన కీర్తి ఆటగాడుగా వచ్చినది కాదు, ఉపాధ్యాయుడుగా వచ్చినది. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషను కార్యదర్శియై, మరణపర్యంత మా భారమును మోసిరి. అందరును ఆయనను రహీం సాహేబు అనియే పిలుచుచుండిరి.

ఆయన బోధనాక్రమము విచిత్రమైనది. బంతిని తనయొద్దనే యుంచుకొని వినోదము చూపుట మన ఆటగాండ్రకు పుట్టుకతో వచ్చిన మోజు. దానిని మాన్పుటకై ఆయన ఉపన్యాసములు చేయలేదు, పందెములు పెట్టిరి. ఒక పందెమున బంతిని వెంటబెట్టుకొని పరుగిడుట నిషిద్ధము. వేరొకదానియందు వాటములేని కాలితోనే ఆడవలయును. పొట్టివారగు బాలురకొరకు ఎత్తును నిర్ణయించి ప్రత్యేకముగ పోటీలు జరిపిరి. ఇట్లు నియమమే గురువై, బంతిని తడయక తోటివానికి అందించుట, రెండుకాళ్లను సమముగ వాడుట బాలురకు అలవాటయ్యెను. చెప్పి నేర్పిన విద్యకంటె చేయించి నేర్పిన విద్య నిలుచునని ఆయన యెరుగుదురు.

1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన చేతిలో పెరిగినది. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్సు కప్పును గెలిచెను. కలకత్తావారి జట్లే దేశమున కెల్ల తలమానికములని తలచుచున్న దినములలో ఇది సామాన్యమైన ఘనకార్యము కాదు. సంతోష్ ట్రోఫీ పోటీలయందును హైదరాబాదు 1956, 1957 సంవత్సరములలో విజయము గాంచెను.

దేశపు జట్టును ఆయనకు అప్పగించిన పిమ్మట, 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారతదేశము ఇరానును 1-0 తేడాతో ఓడించి స్వర్ణపతకము నందుకొనెను. మరుసటి యేటనే గర్వభంగము సంభవించినది. 1952లో హెల్సింకీ ఒలింపిక్కులలో యుగోస్లావియా మనపై పది గోలులు కొట్టగా, మనవా రొక్కటియే కొట్టగలిగిరి. మనవారు పలువురు వట్టికాళ్లతో ఆడిరి. ఈ పరాభవము తరువాతనే బూట్లు ధరించుట మన ఆటలో తప్పనిసరి యయ్యెను. రహీం గారు చలిని, విధిని నిందించుచు కూర్చుండలేదు. ఇద్దరు బ్యాకులనే నమ్ముకొనిన పాతపద్ధతికి కాలము చెల్లినదని గ్రహించి, వెనుక బలమును పెంచు కొత్తపద్ధతులను జట్టునకు అలవరచిరి.

ఫలితము 1956లో మెల్బోర్నున కనబడినది. హంగేరీ రాకపోవుటచే మొదటి మెట్టు అనాయాసముగ గడచినమాట నిజమే. కాని తరువాత ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే 4-2 తో ఓడించుట అనాయాసము కాదు. నెవిల్ డిసౌజా ఆ దినమున మూడు గోలులు కొట్టెను. ఒలింపిక్కులలో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. హెల్సింకీలో ఓటమిని చవిచూచిన హైదరాబాదు పోలీసు జట్టు బ్యాకు అజీజుద్దీను ఈ జట్టునందును ఉండెను.

రహీం గారి చివరి పరీక్ష 1962లో జకార్తాలో జరిగినది. అప్పటికే క్యాన్సరు ఆయన దేహమును క్షీణింపజేయుచుండెను. ఇండోనేషియా ప్రభుత్వము ఇజ్రాయెలును, తైవానును క్రీడలకు రానీయకపోగా, భారతీయ ప్రతినిధియైన సోంధీ గారు అభ్యంతరము తెలిపిరి. దానిచే అచ్చటి ప్రజలు మనవారిపై కనలియుండిరి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0 తో ఓడించెను. థాయిలాండుతో జరిగిన ఆటలో గెలుపు దక్కినను, మన ప్రధాన బ్యాకు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. అప్పుడు గురువు చేసిన పని సాహసమే. కాచుటయే వృత్తిగా గల ఆ బ్యాకును, తలకు కట్టుతోనే, సెంటర్ ఫార్వర్డుగా ముందు నిలిపిరి. వెనుక భారమును అరుణ్ ఘోష్ మొదలగువారిపై నుంచిరి. జర్నైలు సెమీఫైనలున దక్షిణ వియత్నాముపై గోలు కొట్టెను. సెప్టెంబరు 4వ తేదీన, హేళన చేయుచున్న మహాజనసమూహము నడుమ, తొలుత ఓడించిన కొరియాపైననే ఫైనలు జరిగెను. పి.కె. బెనర్జీ యొకటి, జర్నైలు మరియొకటి కొట్టగా, మనవారు 2-1 తో గెలిచిరి.

ఆ విజయమునకు తొమ్మిది నెలలు గడచిన పిదప, 1963 జూను 11వ తేదీన రహీం గారు దివంగతులైరి. 1970లో హైదరాబాదు బ్యాకు నయీముద్దీను నాయకత్వమున ఆసియా క్రీడలలో కాంస్యపతకము వచ్చినది. స్వర్ణము మాత్రము 1962 తరువాత నేటిదాక మన ఫుట్‌బాలునకు దక్కలేదు. 2024లో ఆయన చరిత్రమును హిందీ చలనచిత్రముగ తీసినపిమ్మటనే అనేకులకు ఆయన పేరు తెలిసినది.

2014లో రాష్ట్రములు రెండైనను, ఇట్టివారి కీర్తిని పంచుకొనుటకు సరిహద్దులు లేవు. అయితే కీర్తిని పంచుకొనుట సులభము. పనిని పంచుకొనుటయే కష్టము. కృష్ణా డెల్టాలో భూవసతి గల పెద్దలు గ్రామమున కొక ఆటస్థలమును విడిచిపెట్టుదురా? పట్టణవాసులు పాఠశాలలలో వ్యాయామోపాధ్యాయుని గణితోపాధ్యాయునితో సమానముగ గౌరవింతురా? పతకములను కోరు జాతి మొదట గురువులను నిలుపుకొనవలయును. చట్రము లేని లారీకి ఎన్ని రంగులు పూసినను అది బాటమీదికి రాదు.