27 ఏళ్లకే ఆగిన కుంచె: దామెర్ల రామారావు

తిరువూరు: మనిషి బొమ్మ అనగానే పిల్లలు ముఖంతో మొదలుపెడతారు, చివరికి ఒళ్లు కుదరదు. అందుకే డ్రాయింగ్ మాస్టార్లు ముందు మొండెం వేయమంటారు. ఛాతీకి కోడిగుడ్డు ఆకారం, నడుము కింద పెట్టె, రెండింటినీ కలుపుతూ వెన్ను గీత. ఇది కుదిరితే బొమ్మ నిలబడుతుంది.

ఒంటి గీతను శ్రద్ధగా నేర్చుకున్న తొలితరం తెలుగు చిత్రకారుల్లో దామెర్ల రామారావు ఒకరు. 1897లో రాజమండ్రిలో పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతిలోని పనితనాన్ని గుర్తించి ప్రోత్సహించారు. 1916లో బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. చదువయ్యాక సొంతూరికి తిరిగొచ్చి చిత్రకళాశాల పెట్టారు. ఇంట్లో భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు.

1925 ఫిబ్రవరిలో మశూచి ఆయన్ను తీసుకుపోయింది. అప్పటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. స్నేహితుడు వరదా వెంకటరత్నం కళాశాల బాధ్యత మోశారు.

రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో రంగుల చిత్రాలే కాదు, 250కి పైగా పెన్సిల్ స్కెచ్‌లు, 28 స్కెచ్ పుస్తకాలూ ఉన్నాయి. అంత చిన్న వయసులో అంత సాధన! అటు వెళ్లినప్పుడు బొమ్మలేసే పిల్లలకు ముందు ఆ పెన్సిల్ గీతలే చూపించాలి.